గ్రనాదాకి సొంతంగా వెళ్తున్నారా? అల్హాంబ్రా టికెట్ నుంచి రాత్రి తపాస్ దాకా

స్పెయిన్ వెళ్తున్నాం, ప్యాకేజీ టూర్ వద్దనుకుంటున్నాం, సొంతంగా తిరగడానికి ఒక్క ఊరు చెప్పు అని ఎవరడిగినా నేను గ్రనాదా పేరే చెప్తాను. మ్యాడ్రిడ్, బార్సిలోనా ఎలాగూ అందరూ చూస్తారు. గ్రనాదా చిన్న ఊరు, నడిచే తిరిగేయొచ్చు. ఒక కొండ మీద అల్హాంబ్రా కోట, ఎదురు కొండ మీద అల్బైసీన్ అనే పాత పేట, వెనకాల సియెర్రా నెవాదా పర్వతాలు, చలికాలంలోనూ వసంతంలోనూ వాటి మీద తెల్లగా మంచు. పైగా స్పెయిన్‌లో చాలా ఊళ్ళలో పోయిన ఒక అలవాటు ఇక్కడ ఇంకా గట్టిగా నిలిచి ఉంది: బార్‌లో ఏదైనా డ్రింక్ చెప్తే దాంతోపాటు ఒక చిన్న ప్లేటు తిండి దానంతట అదే వస్తుంది, దానికి వేరే డబ్బులుండవు. అదే తపా.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆఫీసు పని మీద మ్యాడ్రిడ్ వెళ్ళినప్పుడు శనాదివారాలు కలిసొస్తే ఒక్కడినే వెళ్ళాను, రెండోసారి అమ్మని తీసుకెళ్ళాను. మాది తెనాలి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మొదటిసారి నేను అల్హాంబ్రా లోపలి మహళ్ళు చూడకుండానే తిరిగొచ్చాను, ఎందుకంటే అక్కడికెళ్ళాక టికెట్ కొనుక్కుందాంలే అనుకున్నాను. రెండోసారి అంతా ముందే చూసుకున్నాను, మూడు రాత్రులు ఉన్నాం, అమ్మ ఒక్క పూట కూడా పస్తుండలేదు. ఈ రెండు ట్రిప్పుల తేడా అంతా రెండే విషయాల్లో ఉంది: అల్హాంబ్రా టికెట్ మీద రాసిన టైము, ఆ ఊరి వాళ్ళు అన్నం తినే టైము. ఈ రెండింటి చుట్టూ మీ రోజుని కట్టుకుంటే మిగతాదంతా సులువుగా సర్దుకుంటుంది.

ముందు అల్హాంబ్రా టికెట్, తర్వాతే హోటల్

చాలామంది ఫ్లైటు, హోటల్ అన్నీ బుక్ చేసుకుని, ఇక బయల్దేరడానికి వారం ఉందనగా అల్హాంబ్రా టికెట్ చూస్తారు. అప్పటికి ఉండవు. ఎందుకంటే లోపల నస్రీద్ మహళ్ళు అనే భాగంలోకి ఒక్కో అరగంటకి ఇంతమందినే అని లెక్కగా పంపిస్తారు. ఆ గోడల మీది పనితనం అంత సున్నితం కాబట్టి ఆ లెక్క పెట్టడం న్యాయమే. వీసా పని మొదలుపెట్టి, తేదీలు ఇవీ అని అనుకోగానే ముందు అల్హాంబ్రా అధికారిక టికెట్ సైట్ తెరిచి మీ తేదీకి ఏ టైములు ఖాళీగా ఉన్నాయో చూడండి. నెలల ముందే అమ్మకానికి పెడతారు.

అక్కడ రకరకాల టికెట్లు కనిపిస్తాయి. మీకు కావాల్సింది 'అల్హాంబ్రా జనరల్' అనేది, 20 యూరోల పైచిలుకు అవుతుంది, నస్రీద్ మహళ్ళు, హెనెరలీఫే తోటలు, అల్కసాబా అనే పాత కోట మూడూ అందులో వస్తాయి. 'తోటలు, హెనెరలీఫే, అల్కసాబా' అని ఇంకో టికెట్ ఉంటుంది, చవగ్గా ఉంది కదా అని అది తీసుకుంటే అసలు మహళ్ళలోకి పోనివ్వరు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మిగిలింది ఆ టికెట్టే. తోటలు బాగున్నాయి, కానీ మహళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరగడం ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. రాత్రిపూట మహళ్ళు చూసే టికెట్ విడిగా ఉంటుంది, అది రెండోసారి వచ్చేవాళ్ళకి బాగుంటుంది, మొదటిసారి మాత్రం పగలే చూడండి.

టికెట్ మీద ప్రతి మనిషి పేరు, పాస్‌పోర్ట్ నంబరు ఉంటాయి. కాబట్టి పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించాల్సి ఉంటే ముందు అది చేయించి తర్వాత టికెట్ తీసుకోండి. వెళ్ళేరోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి, లోపల ఒక చోట కాదు, ఒక్కో భాగం గుమ్మం దగ్గరా అడుగుతారు. టికెట్లు అయిపోయాయని కనిపిస్తే వెంటనే నిరాశపడొద్దు, రద్దయినవి మళ్ళీ సైట్‌లోకి వస్తుంటాయి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. 'గ్రనాదా కార్డ్' అని ఊరి మొత్తానికీ పనికొచ్చే కార్డు ఒకటుంది, అల్హాంబ్రా, కెథెడ్రల్, బస్సులు కలిపి, మామూలు టికెట్లు దొరకనప్పుడు దాంట్లో దొరికే అవకాశం ఉంది. బయట ఏజెంట్లు ఎక్కువ ధరకి గైడెడ్ టూర్ అమ్ముతారు, అది ఆఖరి దారిగా పెట్టుకోండి.

వీసా గురించి ఎక్కువ చెప్పను, షెన్‌గెన్ టూరిస్ట్ వీసా అందరికీ తెలిసిందే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. వేసవికి ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి అది ముందు పట్టుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

ఏప్రిల్, మే, లేకపోతే సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ అంతా. జూలై, ఆగస్టులో ఎండ మన కోస్తా ఎండలాగే ఉంటుంది, చెమట తక్కువ పడుతుంది కానీ మధ్యాహ్నం కొండెక్కడం పెద్దవాళ్ళ వల్ల కాదు. ఈస్టర్ వారంలో ఊరేగింపులు చూడ్డానికి జనం విరగబడతారు, రూముల ధరలు బాగా పెరుగుతాయి. మేము అక్టోబర్‌లో వెళ్ళాం. అప్పుడు దానిమ్మకాయలు పండుతాయి. గ్రనాదా అంటే స్పానిష్‌లో దానిమ్మే, వీధుల్లో బండ్లు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజల మీద కూడా దానిమ్మకాయ బొమ్మే ఉంటుంది. అమ్మ ఆ గుంజలు లెక్కపెట్టుకుంటూ నడిచింది.

మ్యాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి నేరుగా హైస్పీడ్ రైలు ఉంది, మూడున్నర గంటలు అటూఇటూ. 2019లో మొదలైంది. టికెట్ ముందు తీసుకుంటే బాగా చవక. మాలగా ఎయిర్‌పోర్టులో దిగేవాళ్ళకి బస్సు మంచిది, రెండు గంటలు అటూఇటూ.

రూము విషయంలో ఒక్క మాట. ఫోటోల్లో అల్బైసీన్ ఇళ్ళు చూసి మనసు పారేసుకుంటాం, తెల్లటి గోడలు, పూలకుండీలు, పైనుంచి అల్హాంబ్రా కనిపించే కిటికీ. కానీ ఆ సందుల్లో గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి, మెట్లు, చాలా చోట్లకి టాక్సీ పోదు. రెండు సూట్‌కేసులతో, పెద్దవాళ్ళతో వెళ్తే కెథెడ్రల్ దగ్గర బిబ్-రంబ్లా చౌక్ చుట్టుపక్కల గానీ, ప్లాసా నువేవా దగ్గర గానీ, రియలేహో పేట కింది భాగంలో గానీ తీసుకోండి. కుర్రాళ్ళు, ఒక్క బ్యాక్‌ప్యాక్‌తో వెళ్ళేవాళ్ళు హాయిగా అల్బైసీన్‌లోనే ఉండండి.

ఆ ఊరి గడియారం

ఇది అర్థం కాకపోతే ఆకలితో తిరగాల్సి వస్తుంది. అక్కడ పొద్దున తొమ్మిది, పదింటికి టిఫిన్. మధ్యాహ్నం భోజనం రెండింటికి మొదలై నాలుగింటి దాకా. ఆ తర్వాత చాలా వంటిళ్ళు మూసేస్తారు, కొట్లు కూడా సగం మూతపడతాయి, వీధులు ఖాళీ. మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాకే పొయ్యి వెలిగించేది. మనం ఏడింటికి ఆకలేసి బయటికొస్తే టూరిస్టుల కోసం పెట్టిన హోటళ్ళు తప్ప ఏమీ ఉండవు, అక్కడ తిన్నది గ్రనాదా తిండి అనుకుని వస్తారు చాలామంది. మొదటి రోజే సాయంత్రం ఆరింటికి ఒక పండో, నాలుగు బాదం పలుకులో తిని కడుపుని తొమ్మిది దాకా ఆపుకోండి. మధ్యాహ్నం వాళ్ళలాగే ఒక కునుకు తీయండి. రెండో రోజుకి ఒళ్ళు అలవాటు పడుతుంది.

టిఫిన్ మాత్రం మన శాకాహారులకి పండగ. 'తోస్తాదా కోన్ తొమాతే' అని అడగండి. కాల్చిన రొట్టె ముక్క, దాని మీద మెత్తగా తురిమిన పచ్చి టమాటా, పైన ధారగా ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు, అంతే. అమ్మ మొదటి రోజు దాని మీద మేము తీసుకెళ్ళిన కారప్పొడి చల్లుకుంది, రెండో రోజు నుంచి చల్లుకోలేదు, ఆ నూనెకున్న పచ్చి వాసన కారంతో పోతోందని తనే చెప్పింది. పక్కన 'కఫే కోన్ లేచే', అంటే పాల కాఫీ. కుళాయి నీళ్ళు బాగుంటాయి, బాటిళ్ళు కొననక్కర్లేదు.

అల్హాంబ్రా రోజు

పలికేటప్పుడు 'హ' వినపడదు, అలాంబ్రా అంటారు, బస్సు డ్రైవర్ని అలాగే అడగండి. అరబీలో 'ఎర్రనిది' అని అర్థం. 1238లో మొహమ్మద్ అనే నస్రీద్ వంశపు ముస్లిం రాజు ఇక్కడ కట్టడం మొదలుపెట్టాడు, మనం నోరు తెరుచుకుని చూసే మహళ్ళు చాలావరకు 14వ శతాబ్దంలో యూసుఫ్, ఐదో మొహమ్మద్ కాలంలోవి. 1492 జనవరి 2న ఆఖరి సుల్తాన్ బొఅబ్దిల్ కోటని స్పెయిన్ క్రైస్తవ పాలకులు ఇసబెల్ రాణికీ, ఫెర్నాందో రాజుకీ అప్పగించాడు. ఇంత తెలిస్తే లోపల నడవడానికి సరిపోతుంది.

వీలైతే పొద్దున్నే ఎనిమిదిన్నర స్లాట్ తీసుకోండి. తలుపులు తెరిచేది అప్పుడే, మొదటి అరగంట గదుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినపడుతుంది. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు: టికెట్ మీదున్న టైము కోట గేటు దగ్గరికి కాదు, నస్రీద్ మహళ్ళ గుమ్మం దగ్గరికి. మెయిన్ ఎంట్రన్స్ హెనెరలీఫే వైపు ఉంది, అక్కణ్ణుంచి మహళ్ళ దాకా పదిహేను, ఇరవై నిమిషాల నడక. టైము దాటితే లోపలికి పంపరు. మీ దగ్గర టికెట్ ఫోన్లో ఉంటే మెయిన్ ఎంట్రన్స్‌కి వెళ్ళే పనే లేదు, 'పువేర్తా దె లా హుస్తీసియా' అంటే న్యాయద్వారం, అక్కణ్ణుంచి లోపలికి వస్తే మహళ్ళు పక్కనే. ప్లాసా నువేవా నుంచి గొమేరెస్ వీధి వెంబడి చెట్ల నీడలో ఎక్కితే ఇరవై నిమిషాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇసబెల్ ల కతోలికా చౌక్ దగ్గర సీ30 అనే చిన్న ఎర్ర బస్సు ఎక్కండి, కోట దగ్గర దింపుతుంది.

లోపలికి వెళ్ళాక తొందరపడొద్దు. స్లాట్ అనేది లోపలికి వెళ్ళే టైముకే, ఎంతసేపు ఉండాలన్నది మీ ఇష్టం, కానీ ఒకసారి బయటికొస్తే మళ్ళీ వెళ్ళలేరు. ముందు గోడల్ని దగ్గరగా చూడండి. కింద రంగుపలకలు, పైన సున్నంలో చెక్కిన లతలు, ఆ లతల మధ్య అరబీ అక్షరాలు, ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తుంది: విజేత దేవుడొక్కడే. అలంకారం అనుకుని దాటిపోయేదే, ఒకసారి ఆ అక్షరాల తీరు గుర్తుపట్టాక ప్రతి గోడ మీదా, ప్రతి స్తంభం మీదా అదే కనిపిస్తుంది. రాయబారుల సభ గదిలో తలెత్తి పైకప్పు చూడండి, ఎనిమిది వేలకు పైగా చెక్క ముక్కలతో ఏడు స్వర్గాల ఆకాశాన్ని కూర్చారు. సింహాల ముంగిట్లో 12 పాలరాతి సింహాలు నడుమ తొట్టిని మోస్తుంటాయి, చుట్టూ 124 సన్నటి స్తంభాలు. అందరూ సింహాల ఫోటో కోసం ఎగబడతారు. మీరు పక్కనున్న 'ఇద్దరు అక్కచెల్లెళ్ళ గది'లోకి వెళ్ళి కప్పు కింద నిలబడండి, తేనెపట్టు తలకిందులుగా వేలాడినట్టు వేల గూళ్ళు. అమ్మ అక్కడ పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత అల్కసాబా బురుజు ఎక్కి ఊరంతా చూసి, మధ్యలో ఐదో కార్లోస్ కట్టించిన రాజభవనం ఒక్కసారి లోపలికి తొంగి చూడండి, బయటికి చదరంగా ఉంటుంది, లోపల ముంగిలి గుండ్రంగా ఉంటుంది. దానికి టికెట్ అక్కర్లేదు.

హెనెరలీఫే ఆఖరున పెట్టుకోండి, ఎండెక్కేసరికి నీళ్ళ దగ్గర ఉంటారు. దార్రో నది ఎగువన నీళ్ళు మళ్ళించి కొండ వెంబడి కాలువ తవ్వి తెచ్చారు సుల్తానులు, వాళ్ళ తోటలు, కొలనులు, స్నానాలగదులు అన్నీ ఆ కాలువ మీద బతికినవే. తోట పైభాగంలో నీటి మెట్లు అని ఉంటాయి, చాలామంది అలసిపోయి అంతదూరం పోకుండా వెనక్కి తిరుగుతారు, మీరు అలా చేయొద్దు. మెట్లకి రెండు వైపులా చెయ్యి పట్టుకోవడానికి పిట్టగోడలున్నాయి, ఆ పిట్టగోడల మీదే గాడి చేసి నీళ్ళు పారిస్తారు. మెట్లు దిగుతూ చెయ్యి ఆనిస్తే వేళ్ళ మధ్య నుంచి చల్లటి నీళ్ళు పరిగెత్తుతాయి. పైన చెట్ల కొమ్మలు పందిరిలా కప్పేసి ఉంటాయి, కాబట్టి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. కాలువ కట్ట మీద పెరిగిన మనిషి మా అమ్మ. రెండుసార్లు ఎక్కి దిగింది.

అల్హాంబ్రాకి కనీసం నాలుగు గంటలు వేసుకోండి. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు, మధ్యాహ్నం తిని పడుకోవడమే.

అల్బైసీన్‌లో సాయంత్రం

సాయంత్రం ఐదున్నరకి లేచి, ప్లాసా నువేవా నుంచి దార్రో నది పక్కన కర్రేరా దెల్ దార్రో వీధిలో నడక మొదలుపెట్టండి. నది అంటే పిల్లకాలువంత ఉంటుంది, దాని మీద పాత రాతి వంతెనలు. దారిలో ఎల్ బన్యువేలో అని 11వ శతాబ్దపు స్నానాలగది ఉంది, కప్పులో నక్షత్రాల ఆకారంలో కన్నాలు, వాటిలోంచి లోపలికి వెలుతురు. అక్కణ్ణుంచి పసేయో దె లోస్ త్రిస్తేస్ దాకా వెళ్తే తలపైన నేరుగా అల్హాంబ్రా. అక్కడ ఎడమకి తిరిగి చాపీస్ ఎత్తు ఎక్కి, సందుల్లో పడి సాన్ నికొలాస్ అరుగు దగ్గరకి చేరండి. దారి తప్పుతారు, అల్బైసీన్‌లో తప్పనివాళ్ళు లేరు, పైకి వెళ్తున్నంతసేపూ సరైన దారిలోనే ఉన్నట్టు. నడవలేనివాళ్ళకి ప్లాసా నువేవా నుంచి సీ31 బస్సు ఉంది.

సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందే సాన్ నికొలాస్‌లో ఉండండి. కోట గోడలు ముందు పసుపు, తర్వాత నారింజ, తర్వాత నిజంగానే ఎర్రగా మారతాయి, వెనక మంచు కొండలు గులాబీ రంగులోకి వస్తాయి. జనం కిటకిటలాడతారు కాబట్టి ఫోను, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. రద్దీ పడకపోతే పక్కనే మసీదు తోట ఉంది, 2003లో కట్టిన మసీదు అది, తోటలోకి అందరినీ రానిస్తారు, అదే దృశ్యం ప్రశాంతంగా కనిపిస్తుంది. కింద కెథెడ్రల్ దగ్గర కొంతమంది ఆడవాళ్ళు రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి, చెయ్యి చూసి జాతకం చెప్పి డబ్బులడుగుతారు. చెయ్యి చాపకుండా 'నో, గ్రాసియాస్' అని నడిచిపోండి.

ఇక తపాస్

తపా అంటే మూత అని అర్థం. పద్ధతి ఇదీ: బార్‌లోకి వెళ్ళి బల్ల దగ్గర నిలబడతారు, డ్రింక్ చెప్తారు, నిమిషంలో దాంతోపాటు ప్లేటు వస్తుంది. ఆ ప్లేటులో ఏముంటుందన్నది చాలా చోట్ల వాళ్ళ ఇష్టమే, కొన్ని చోట్ల చీటీ ఇచ్చి ఎంచుకోమంటారు. రెండో డ్రింక్ చెప్తే రెండో రకం వస్తుంది. ఒక్క బార్‌లో కూర్చుని కడుపు నింపుకోరు, ఒకటి రెండు తాగి ఇంకో బార్‌కి నడుస్తారు. మూడు బార్లు తిరిగేసరికి రాత్రి భోజనం అయిపోయినట్టే. నిలబడడానికి మొహమాటపడొద్దు, బల్ల దగ్గరే అసలు సందడి. బయట టేబుళ్ళ దగ్గర కొన్ని చోట్ల ధర ఎక్కువ.

మందు తాగనివాళ్ళ అనుమానం ఒకటుంటుంది, బీరు చెప్తేనే ప్లేటు వస్తుందా అని. కాదు. కూల్‌డ్రింక్ చెప్పినా వస్తుంది, ఆల్కహాల్ లేని బీరుకీ వస్తుంది. అన్నిటికన్నా 'మోస్తో' అడగండి, పులియబెట్టని ద్రాక్షరసం, చిన్న గ్లాసులో చల్లగా ఇస్తారు, అమ్మ మూడు రోజులూ అదే తాగింది. కాఫీకి, మంచినీళ్ళ బాటిల్‌కి మాత్రం తపా ఆశించొద్దు. తాగేవాళ్ళకి 'ఉనా కాన్యా' అంటే చిన్న గ్లాసు బీరు, 'తింతో దె వెరానో' అంటే రెడ్ వైన్‌లో సోడా కలిపింది, ఎండాకాలం అందరి చేతుల్లోనూ అదే. ఊరి బీరు పేరు కూడా అల్హాంబ్రానే, 1925 నుంచి ఇక్కడే కాస్తున్నారు.

ఇప్పుడు శాకాహారం సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి. 'సోయ్ వెహెతారియానో' (ఆడవాళ్ళయితే 'వెహెతారియానా') అంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. మొదటి రాత్రి అమ్మ కోసం అలా చెప్పి, 'సిన్ కార్నే', మాంసం వద్దు అని కూడా చెప్పాను. సలాడ్ వచ్చింది. అమ్మ ఫోర్కుతో కదిపి, "ఏరా, ఆకుల కింద ఈ తెల్లటి పీచు ఏమిట్రా?" అంది. ట్యూనా చేప. అక్కడ చాలామందికి కార్నే అంటే పెద్ద మాంసం ముక్క మాత్రమే, చేపా, సన్నగా తరిగిన పంది మాంసం హమోన్ దాంట్లోకి రావు. వడ్డించినతను నిజంగా నొచ్చుకుని వెంటనే మార్చి తెచ్చాడు. ఆ తర్వాత నుంచి డ్రింక్ చెప్పేటప్పుడే ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పేవాణ్ణి: 'సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్, సిన్ వేవో'. మాంసం, హమోన్, చేప, ట్యూనా, గుడ్డు లేకుండా. ఇది ఫోన్లో స్పానిష్‌లో రాసి పెట్టుకుని చూపించినా చాలు. డ్రింక్ వచ్చాక చెప్తే ఆలస్యం, ప్లేటు అప్పటికే సర్దేసి ఉంటుంది. గొడ్డు మాంసం తిననివాళ్ళు 'తెర్నేరా' అనే మాట, పంది మాంసం తిననివాళ్ళు 'సెర్దో' అనే మాట గుర్తుపెట్టుకోండి. కోడి అంటే 'పోయో'.

ఏం తినొచ్చు? మొదటి పేరు 'బెరెన్‌హేనాస్ కోన్ మియేల్'. వంకాయని పొడుగ్గా కోసి, పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించి, పైన చెరకు పాకం సన్నటి ధారగా పోస్తారు. మియేల్ అంటే తేనె అని రాసి ఉన్నా ఇక్కడ పోసేది నల్లటి చెరకు పాకమే. గ్రనాదా కింద సముద్రతీరంలో వందల ఏళ్ళు చెరకు పండింది, అరబ్బులు తెచ్చిన పంట. "వంకాయకి బెల్లప్పాకమా" అని అమ్మ మొహం చిట్లించింది, మొదటి ముక్క కొరికి కాసేపు నమిలి ప్లేటు తన వైపు జరుపుకుంది. స్పానిష్‌లో చక్కెరని అసూకార్ అంటారు, మూలం మన శర్కర మాటే, అరబ్బుల నోట అటు చేరింది. నరాంహా అంటే నారింజ, అదీ అంతే. ఆ మాటలు బోర్డుల మీద చదివి అమ్మకి చెప్తుంటే చాలా దగ్గరగా అనిపించింది తనకి.

ఇంకా, 'పతాతాస్ బ్రావాస్' వేయించిన ఆలూ ముక్కల మీద కాస్త కారంగా ఉండే ఎర్ర సాస్. 'పిమియేంతోస్ దె పద్రోన్' చిన్న పచ్చిమిర్చి వేయించి రాళ్ళుప్పు చల్లింది, మన మిర్చి తినేవాళ్ళకి కారమే అనిపించదు. ఆలివ్ కాయలు, వేయించిన బాదం, మాంచేగో జున్ను, ఎండాకాలంలో గస్పాచో అనే చల్లటి టమాటా సూప్. సల్మొరేహో కూడా టమాటాదే, కానీ పైన గుడ్డు, హమోన్ చల్లుతారు, ముందే వద్దనాలి. గుడ్డు తినేవాళ్ళకి 'తొర్తీయా' ఉంది, ఆలూ వేసిన మందపాటి ఆమ్లెట్, ప్రతి బార్‌లోనూ దొరుకుతుంది. నిష్ఠగా ఉండేవాళ్ళు ఒకటి గమనించండి, చేపలు వేయించిన నూనెలోనే వంకాయ కూడా వేయించే చోట్లున్నాయి. అది కుదరదనుకుంటే కల్దెరెరియా నువేవా వీధిలో అరబ్బుల హోటళ్ళలో ఫలాఫెల్, హమ్మస్ తిని పుదీనా టీ తాగండి, రియలేహో దగ్గర ఇకూరి అని పూర్తి శాకాహార హోటల్ కూడా ఉంది.

నాన్‌వెజ్ వాళ్ళయితే నవాస్ వీధిలో లోస్ దియమాంతేస్‌కి వెళ్ళండి, వేయించిన చేపలు, రొయ్యలు, అందరూ భుజాలు రాసుకుంటూ నిలబడి తింటారు. ప్లాసా నువేవా వెనక బొదేగాస్ కస్తన్యేదాలో పీపాల్లోంచి వైన్ పోస్తారు, పైన హమోన్ తొడలు వేలాడుతుంటాయి, అమ్మలాంటివాళ్ళకి ఆ చోటు వద్దు. కంపో దెల్ ప్రిన్సిపే చౌక్‌లో స్థానికులు పిల్లలతో వస్తారు, రాత్రి పదకొండింటికి కూడా పిల్లలు బంతాట ఆడుతుంటారు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే.

డబ్బులు అన్నీ అయ్యాకే ఇవ్వాలి, 'లా కువేంతా, పోర్ ఫవోర్' అంటే బిల్లు తెస్తారు. ఒక్కో డ్రింక్ రెండున్నర నుంచి మూడున్నర యూరోల మధ్య ఉంటుంది, తపాతో కలిపి. టిప్ తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. ఆకలి ఎక్కువగా ఉంటే మెనూలోంచి 'మేదియా రసియోన్' అంటే సగం ప్లేటు విడిగా డబ్బులిచ్చి చెప్పుకోవచ్చు, ఫ్రీ ప్లేట్లతోనే ముగ్గురు మనుషులు కడుపు నింపుకోవాలని చూడొద్దు, అది ఆ బార్ వాళ్ళకి కష్టం.

మిగిలిన రోజు

కెథెడ్రల్ పక్కనే కపీయా రియాల్ అనే రాజుల ప్రార్థనామందిరంలో ఇసబెల్, ఫెర్నాందోల సమాధులున్నాయి. పైన పాలరాతి విగ్రహాలు చూసి ఆగిపోకుండా కింది నేలమాళిగలోకి నాలుగు మెట్లు దిగండి, అసలు సీసపు పెట్టెలు అక్కడ సాదాగా ఉన్నాయి. కొర్రాల్ దెల్ కార్బోన్ 14వ శతాబ్దపు వర్తకుల సత్రం, పది నిమిషాలు చాలు.

ఒక రాత్రి సాక్రొమోంతేకి ఇవ్వండి. కొండని తొలిచి చేసిన గుహ ఇళ్ళలో అక్కడి హితానో, అంటే స్పెయిన్ జిప్సీ కుటుంబాలు ఫ్లమెంకో నాట్యం ఆడతాయి, దాన్ని సాంబ్రా అంటారు. తెల్లసున్నం వేసిన సన్నటి గుహలో గోడల వెంబడి కుర్చీలు, ఆడేవాళ్ళ కాళ్ళు మన మోకాళ్ళకి రెండడుగుల దూరంలో. హితానోల పూర్వీకులు భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళే, కలో అనే వాళ్ళ భాషలో నీళ్ళని 'పన్యీ' అంటారు. ముందే బుక్ చేసుకోండి, వెళ్ళడానికి సీ34 బస్సు ఉంది, తిరిగి రావడానికి టాక్సీ మాట్లాడుకోండి, రాత్రిపూట దిగువకి నడక చీకటిగా ఉంటుంది.

ఆఖరి పొద్దున బస్సుకి గంట ముందే బయల్దేరండి, బస్‌స్టేషన్ ఊరి నడిబొడ్డున లేదు. ఆ ముందు రోజే ఫహలౌసా మట్టిపాత్ర ఒకటి కొనుక్కోండి, తెల్లటి మెరుగు మీద నీలం, ఆకుపచ్చ రంగుల్లో దానిమ్మకాయ వేసి ఉంటుంది. అమ్మ ఊరగాయకి సరిపోయే చిన్న గిన్నె తీసుకుంది, చీరలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని తెనాలి దాకా పగలకుండా తెచ్చింది.